పిల్లల్ని "ఎక్కడ చదివావు?" అని అడగండి

పాఠశాల వార్తాలేఖ, నవంబరు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. మన బడిలో జరిగే పుస్తక ప్రదర్శన, కథల పోటీ వివరాలు పిల్లల డైరీల్లో రాయించి పంపాం. ఈ ఉత్తరంలో మీతో మాట్లాడదలచింది వేరే సంగతి. మీ పిల్లలు ఒక ప్రాజెక్టు కోసం సమాచారం ఎలా వెతుకుతున్నారు, అందులో మన లైబ్రరీ ఎంతవరకు అక్కరకు వస్తోంది, ఇంట్లో మీరు ఏం చేస్తే వాళ్లకు మేలు అన్నదే ఆ సంగతి.

ఎనిమిదో తరగతికి ఈసారి ఇచ్చిన అంశం చెన్నై తాగునీరు. మొదటి వారం వచ్చిన కాగితాలు చూస్తే సగానికి పైగా ఒకే పేరాలు, ఒకే బొమ్మలు. ఫోన్లో మొదట కనిపించిన పేజీని దించేసి, స్టేషనరీ షాపులో కొన్న చార్టు మీద అతికించారు. కొన్నింటిలో చేతిరాత పెద్దవాళ్లది. రాత్రి పదకొండింటి దాకా కూర్చుని మీరు పడిన శ్రమ నాకు అర్థమవుతుంది, దాని వెనక ఉన్న ప్రేమా తెలుసు. కానీ ఆ రాత్రి నేర్చుకున్నది మీరు. నేర్చుకోవలసింది మీ అమ్మాయి, మీ అబ్బాయి.

అందుకని టీచర్లు ఆ కాగితాలకు మార్కులు వేయకుండా, రెండు వారాల లైబ్రరీ పీరియడ్లు పూర్తిగా దీనికే ఇచ్చారు. మొదట చేయించిన పని, అంశాన్ని ప్రశ్నగా మార్చడం. "చెన్నై తాగునీరు" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దవాళ్లకే తెలియదు. "కృష్ణా నీళ్లు మన ఊరికి ఏ దారిన వస్తాయి?" అంటే పదమూడేళ్ల పిల్ల కూడా అట్లాసు తెరుస్తుంది. అలాగే తెరిచారు. శ్రీశైలం దగ్గర వేలు పెట్టి పోతిరెడ్డిపాడు, వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా పూండి చెరువు దాకా గీత గీశారు. మన బడిలో నెల్లూరు జిల్లా మూలాలున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. "కండలేరు మా అమ్మమ్మ వాళ్ల ఊరి దగ్గరే" అని ఒక పిల్లవాడు లేచి నిలబడ్డాడు. అప్పటివరకు వాడికి అది పాఠంలో పేరు మాత్రమే.

తరువాత వచ్చింది అసలైన చిక్కు. ఈ కృష్ణా నీళ్లు తెచ్చే తెలుగు గంగ పథకం కింద చెన్నైకి ఏటా ఎన్ని టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు)? ఒక జట్టు 15 అని రాసింది, ఇంకో జట్టు 12 అంది. రెండు జట్లకూ ఆధారం ఉంది, రెండూ పట్టు విడవలేదు. టీచరు జవాబు చెప్పకుండా, ఆ అంకె పక్క వాక్యాలు కూడా చదివి రమ్మన్నారు. చదివాక తేలింది: మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ మూడూ తలా 5 టీఎంసీలు తమ వాటాలోంచి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి, అది 15. దారిలో ఆవిరికీ ఇంకుడుకీ పోయేది తీసేసి సరిహద్దు దగ్గర అందించవలసింది 12, అది 1983 ఒప్పందంలోని లెక్క. రెండు అంకెలూ నిజమే, ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు. ఆపైన ఇంకో అమ్మాయి అడిగింది: "ఒప్పందంలో ఉన్నన్ని నీళ్లు ప్రతి ఏడూ వచ్చాయా, టీచర్?" దానికి పాత వార్తాపత్రికలు తిరగేయాలి. ఇప్పుడు ఆ జట్టు ఆ పనిలోనే ఉంది. పరిశోధన అనే మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే. ఎనిమిదో తరగతిలోనే దాని రుచి చూశారు కనుక చాలా సంతోషంగా ఉంది.

ఇక లైబ్రరీ అరల సంగతి. "వెతికాను, పుస్తకం లేదు" అని పిల్లలు తరచూ తిరిగివస్తారు. చాలాసార్లు పుస్తకం ఉంటుంది, వాళ్లు చూసిన అరలో ఉండదు. మన పుస్తకాలు డ్యూయీ దశాంశ పద్ధతిలో, అంటే ఒక్కో అంశానికి ఒక్కో అంకె చొప్పున, సర్ది ఉంటాయి. ఈ నీళ్ల అంశాన్నే తీసుకోండి. వానలు, నదులు, భూగర్భజలం 551లో. నీటి సరఫరా, శుద్ధి 628లో. నీటి పంపకాలు, వనరుల లెక్కలు 333లో. ఊరి చరిత్ర కావాలంటే 954 దాకా నడవాలి. ఒకే ప్రశ్న నాలుగు అరల్లో ఉంటుందని తెలియని పిల్లవాడు మొదటి అర దగ్గరే ఆగిపోతాడు. పుస్తకం వెన్ను మీద అతికించిన చీటీలోని అంకె చదవడం ఇప్పుడు ఐదో తరగతి నుంచే నేర్పుతున్నాం. పుస్తకం చివర ఉండే పదసూచిక వాడటం కూడా నేర్పుతున్నాం. మూడు వందల పేజీల పుస్తకం చూసి బెదిరిన పిల్లలు, సూచికలో "పూండి" అన్న మాట పట్టుకుని సరిగ్గా తమకు కావలసిన రెండు పేజీలకు వెళ్లడం చూస్తే మీకూ ముచ్చటేస్తుంది.

దారి తెలియకపోతే లైబ్రేరియన్ గారిని అడగడం నామోషీ కాదని ఇంట్లో మీరూ చెప్పండి. గణితం పాఠాలు చెబుతూ వచ్చిన రంగనాథన్ గారు 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యారు. గ్రంథాలయానికి ఆయన చెప్పిన ఐదు సూత్రాల్లో నాలుగోది, పాఠకుడి కాలాన్ని ఆదా చేయాలని. ఇది మన ఊళ్లో పుట్టి ప్రపంచమంతా పాటిస్తున్న మాట. అరగంట తిరిగి అలసిపోయే బదులు అరనిమిషం అడిగితే సరిపోతుంది.

ఇంటర్నెట్ వద్దని నేను అనను. ఈ వానల్లో బడికి సెలవులు వస్తూనే ఉంటాయి, అప్పుడు ఇంట్లో ఉన్నది ఫోనే. నాలుగు చెరువుల నీటిమట్టాలు చెన్నై మెట్రో వాటర్ రోజూ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం ఎంత నిండాయో పిల్లలే చూసి గ్రాఫు గీయవచ్చు. ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీలో బడి పిల్లలకు వేరే విభాగం ఉంది. వికీపీడియా చదివితే పేజీ అడుగున "మూలాలు" అన్న చోటికి తప్పకుండా వెళ్లమనండి. ఆ మాట ఎవరు, ఎప్పుడు చెప్పారో అక్కడే తెలుస్తుంది. తెలుగు మాటకు అర్థం కావలసినప్పుడు ఆంధ్రభారతి నిఘంటు శోధనలో ఒకేసారి చాలా నిఘంటువులు కనిపిస్తాయి.

కృత్రిమ మేధ చాట్‌బాట్ల గురించి మీలో చాలామంది అడుగుతున్నారు. మా నిర్ణయం ఇది: అర్థం కాని పేరాను విడమరిచి చెప్పించుకోవడానికి, ప్రశ్నను చిన్నది చేసుకోవడానికి పెద్ద తరగతుల వాళ్లు వాడుకోవచ్చు. అది చెప్పిన అంకెను గానీ పుస్తకం పేరును గానీ వేరే చోట సరిచూడకుండా ప్రాజెక్టులో రాయకూడదు. లేని పుస్తకాన్ని ఉన్నట్టు, రచయిత పేరుతో సహా, ఎంతో ధీమాగా చెప్పగలదది. మన కేటలాగులో వెతికితే ఆ పేరు దొరకదు. ఆ తేడా పిల్లలు స్వయంగా చూడాలని తొమ్మిదో తరగతికి ఒక పీరియడ్ పెట్టాం.

తెలుగు అర గురించి ఒక మాట. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బయట తమిళం, క్లాసులో ఇంగ్లీషు. చదవడం దగ్గరికి వచ్చేసరికి తెలుగు వెనకబడుతోంది. ఏ పరిశోధనకైనా ఒక ఆధారం తెలుగులో ఉండాలని ఆరు నుంచి పై తరగతులకు నియమం పెట్టాం. అది పుస్తకమే కానక్కరలేదు. తాతయ్యను కూర్చోబెట్టి అడిగి, పేరు, తేదీ వేసి రాసుకున్న మాటలైనా సరే. 1996లో కృష్ణా నీళ్లు మొదటిసారి పూండికి చేరినప్పటి సంగతులు, చెరువులు ఎండి జోలార్‌పేట నుంచి రైళ్లలో నీళ్లు తెచ్చుకున్న 2019 నాటి కష్టాలు మన ఇళ్లలోనే ఉన్నాయి.

బయటి గ్రంథాలయాలకు కూడా పిల్లల్ని తీసుకువెళ్లండి. ఎగ్మూరులోని కన్నిమెరా గ్రంథాలయం 1896 నాటిది. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక కాపీ చేరవలసిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. కాబట్టి తెలుగు పుస్తకాలకూ అక్కడ కొదవ లేదు. కోట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో చిన్నపిల్లలకు ప్రత్యేక విభాగం ఉంది. ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం కూడా ఆ భవనంలోనే ఉంది. సి.పి. బ్రౌన్ సేకరించిన తెలుగు ప్రతులు దాని సంపద. పదో తరగతి పిల్లలు సంక్రాంతి సెలవుల తరువాత అక్కడికి వెళతారు.

ఇంట్లో మీరు చేయవలసింది తక్కువే. ప్రాజెక్టు ఇచ్చిన రోజు "అయిపోయిందా?" అని కాకుండా "నీ ప్రశ్న ఏమిటి?" అని అడగండి. రాసి చూపించినప్పుడు "ఇది ఎక్కడ చదివావు?" అనండి. పుస్తకం పేరు, రచయిత, అచ్చయిన సంవత్సరం, పేజీ ఇప్పుడు ప్రతి ప్రాజెక్టు చివరి కాగితంలో ఉండాలి, మార్కుల్లో పావు వంతు దానికే. చార్టు అందంగా లేకపోతే మార్కులు పోవు. వంకర అక్షరాలతో, కొట్టివేతలతో, పిల్లలు తామే రాసినదే మాకు కావాలి.

వారోత్సవాల్లో మూడు రోజులు లైబ్రరీ సాయంత్రం ఆరు దాకా తెరిచి ఉంటుంది, తల్లిదండ్రులు కూడా వచ్చి కూర్చుని చదువుకోవచ్చు. శనివారం ఉదయం ఎనిమిదో తరగతి జట్లు తమ ప్రాజెక్టులు చూపిస్తాయి. తెలుగు గంగ కాలువ కట్టిన రోజులు ఎరిగిన పెద్దలు, నీటి శాఖలోనో మెట్రో వాటర్‌లోనో పనిచేసి రిటైరయిన వాళ్లు మీ ఇంట్లో ఉంటే ఆ రోజు తప్పక వెంట తీసుకురండి. పిల్లలు ప్రశ్నలు రాసుకుని సిద్ధంగా ఉన్నారు. వచ్చేవారి పేర్లు గురువారం లోపు క్లాస్ టీచరుకు తెలియజేయండి.

నమస్కారాలతో,
మీ ప్రధానోపాధ్యాయురాలు