పురిటికి వస్తున్నా, ఆఫీసు కూడా నాతోనే వస్తోంది

విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం

బుజ్జమ్మా,

ఫోన్లో చెబుదామంటే నువ్వు పూర్తిగా చెప్పనివ్వవు. "వద్దులే అమ్మా, నీకు 20వ తారీకు పనుంటుంది" అని మధ్యలోనే అందుకుంటావు. అందుకే కూర్చుని రాస్తున్నా. డాక్టరమ్మ నిన్ను రైలెక్కొద్దన్నాక ఇంక నువ్వు ఇక్కడికి వచ్చే మాట లేదు, నేనే రావాలి. మొదటి కాన్పు. మీ అత్తగారు ఎంత మంచావిడైనా ఆ మోకాళ్ల నొప్పులతో రాత్రిళ్లు లేవగలరా? కోణార్క్‌కి టికెట్ తీసేశాను. సెప్టెంబరు ఆఖరికి వచ్చి డిసెంబరు దాకా ఉంటాను. ఈ విషయంలో ఇంక వాదించకు.

ఇక నువ్వు భయపడే సంగతి. నెలనెలా 7న టీడీఎస్ పన్ను కట్టాలి, 11న అమ్మకాల జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్ 1, 20న పన్ను కట్టే రిటర్ను 3బి. నేను లెక్కలు చూసే వ్యాపారులు, అదే మన పార్టీలు, ముప్పై రెండు. పూర్ణా మార్కెట్ హోల్‌సేల్ వాళ్లయితే బిల్లులు సంచుల్లో వేసి పంపుతారు, నీకు తెలుసుగా. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ లైసెన్సు ఉన్నది అక్కయ్యపాలెం ఆఫీసు కంప్యూటర్లో, పదేళ్ల డేటా ఉన్నదీ అందులోనే. మన కుర్రాడు రోజూ ఎంట్రీలు వేసేదీ దాని మీదే. అది మోసుకుని పుణే రాలేను. అందుకని కంప్యూటర్ని అక్కడే ఉంచి, దాని తెర నా లాప్‌టాప్‌లో కనపడేలా చేసుకున్నా. నెల రోజులు పట్టింది, మూడుసార్లు ఏడుపొచ్చినంత పనైంది, కానీ అయింది.

మీ నాన్న గారు మొదట ససేమిరా అన్నారు. "తలుపులు బార్లా తీసి ఊరెళ్తావా?" అని. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. వాళ్ల స్టీల్ ప్లాంట్ స్నేహితుడొకాయనకి కరెంటు బిల్లు కట్టలేదని ఫోన్ వచ్చింది. ఏదో యాప్ వేసుకోమన్నారు, అందులో కనిపించిన నంబరు చదివి చెప్పమన్నారు, అనుమతి నొక్కమన్నారు. ఆ స్నేహితుడు నొక్కారు. ఫోను ఆయన చేతిలోనే ఉంది, డబ్బు మాత్రం వెళ్లిపోయింది. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యాలని కూడా తెలీదు పాపం. అలాంటి యాప్‌ల వల్ల జరిగే మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. నేను మీ నాన్న గారితో ఒకటే అన్నా: అక్కడ తలుపు తీసింది ముక్కూ మొహం తెలియనివాడికి. ఇక్కడ తాళం వేసేదీ నేనే, తీసేదీ నేనే.

అయినా ఆయన మాట ఒక చోట పనికొచ్చింది. నెట్ పెట్టడానికి వచ్చిన అబ్బాయి, "మేడం, రౌటర్లో 3389 పోర్టు తెరిచేద్దాం, రెండు నిమిషాల పని" అన్నాడు. పోర్టంటే నెట్ నుంచి కంప్యూటర్లోకి వచ్చే ద్వారం లాంటిది. దూరం నుంచి కంప్యూటర్ వాడుకోవడానికి విండోస్‌లో ఉండే రిమోట్ డెస్క్‌టాప్ వినే పోర్టు అదే. అది తెరిచి వదిలేస్తే ఇంటర్నెట్లో పగలూ రాత్రీ తిరిగే రోబోలు వచ్చి పాస్‌వర్డులు ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నిస్తూనే ఉంటాయి. ఒక్కటి కుదిరిందా, ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బడుగుతారు. ముప్పై రెండు పార్టీల లెక్కలు! వద్దన్నాను. తర్వాత చూస్తే, వద్దనకపోయినా ఆ పని అయ్యేది కాదు. మన రౌటర్‌కి బయట వైపు వచ్చిన అడ్రసు 100.72తో మొదలవుతోంది. అంటే మనకి సొంత పబ్లిక్ అడ్రసు లేదు, నెట్ కంపెనీ ఒకే అడ్రసుని ఎన్నో ఇళ్లకి కలిపి పంచుతోంది. అపార్టుమెంటు మొత్తానికీ ఒకటే ఉత్తరాల డబ్బా లాంటిది. మన రౌటర్లో ఎన్ని పోర్టులు తెరిస్తే ఏం లాభం?

అప్పుడు టెయిల్‌స్కేల్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. ఆఫీసు కంప్యూటర్లోనూ నా లాప్‌టాప్‌లోనూ వేసి, రెండింట్లోనూ నా ఖాతాతోనే లాగిన్ అయ్యా. ఆ రెంటికీ మధ్య మాత్రమే ఉండే సొంత దారి అది, లోపల వెళ్లేదంతా బయటివాళ్లు చదవలేనట్టు ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంది. రౌటర్ని ముట్టుకోనక్కర్లేదు. తమాషా ఏమిటంటే అది ఇచ్చిన అడ్రసూ 100తోనే మొదలవుతుంది, దాంతో ఒక సాయంత్రమంతా తికమక పడ్డాను. ఆ ఖాతాకి రెండంచెల వెరిఫికేషన్ పెట్టా, ఫోన్లో ఓకే అననిదే తెరుచుకోదు.

ఏడుపొచ్చిన మూడుసార్ల సంగతి కూడా విను. మొదటిది, ఆఫీసు కంప్యూటర్లో ఉన్న విండోస్ హోమ్ అనే రకంలో రిమోట్ డెస్క్‌టాప్‌కి రానిచ్చే సదుపాయమే లేదు. ఇంకో కంప్యూటర్లోకి వెళ్లనిస్తుంది గానీ, తనలోకి రానివ్వదు. విండోస్ ప్రోకి మార్చాల్సి వచ్చింది, డబ్బయింది. రెండోది, రోజూ ఆఫీసులో కొట్టే నాలుగంకెల పిన్ను ఎన్నిసార్లు కొట్టినా తప్పంటుంది. పిన్ను ఆ మెషీన్ ముందు కూర్చున్నప్పుడే పనిచేస్తుందట, దూరం నుంచి వస్తే అసలు పాస్‌వర్డు కావాలి. అదెప్పుడో మర్చిపోయాను కదా! మూడోది, సీతమ్మధారలో ఇంట్లో కూర్చుని కనెక్ట్ అంటే ఉలుకూ పలుకూ లేదు. ఆటో కట్టించుకుని ఆఫీసుకి పరిగెత్తితే, ఆ మహాతల్లి నిద్రపోయింది. స్లీప్ ఆపలేదు నేను.

ఆ రోజే ఇంకో రెండు చేశా. కరెంటు పోయి వస్తే కంప్యూటర్ తనంతట తనే ఆన్ అయ్యేలా బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే సెట్టింగుల్లో, మార్చా. నిజంగా అవుతుందో లేదో చూద్దామని మెయిన్ స్విచ్ కట్టేసి, యూపీఎస్ బ్యాటరీ అయిపోయి మెషీన్ ఆగిపోయే దాకా చీకట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నా. స్విచ్ వేయగానే ఫ్యాన్ తిరిగింది, లేచింది. లేచాక ఎవరూ లాగిన్ కాకపోయినా ఆ సొంత దారి తెరుచుకుని ఉండాలి కదా, అందుకు టెయిల్‌స్కేల్‌లో రన్ అనటెండెడ్ అని ఒకటుంది, అదీ టిక్కు పెట్టా. లేకపోతే అర్ధరాత్రి విండోస్ అప్‌డేట్ అయి రీస్టార్ట్ అయిందంటే, పొద్దున్న కుర్రాడొచ్చి లాగిన్ అయ్యేదాకా నాకు దారి లేనట్టే.

పాపం ఆ కుర్రాడి మీద ఒక ప్రయోగం జరిగింది. ఇంటి నుంచి మొదటిసారి సరిగ్గా కనెక్ట్ అయిన ఆనందంలో నేను టాలీ తెరిచి చూస్తున్నా. రెండు నిమిషాలకి ఫోను. "మేడం, తెర మీద లాక్ పడిపోయింది, వోచర్ సగంలో ఉంది!" అని. ప్రో అయినా ఒకసారికి ఒక్కరే. నేను ఎక్కితే అతను దిగిపోతాడు, అతను మళ్లీ పాస్‌వర్డు కొడితే నేను దిగిపోతాను. ఇద్దరం అలా కాసేపు ఒకరినొకరు తోసుకున్నాం. ఇప్పుడు ఒప్పందం చేసుకున్నాం: పొద్దున్న పది నుంచి రెండు దాకా అతనిది, రెండు తర్వాత నాది. పసివాళ్లు ఆ వేళకి నీళ్లు పోసుకుని, పాలు తాగి పడుకుంటారు, ఆ లెక్క కూడా వేసుకునే చెప్పా. ఇందులో మంచి ఏమిటంటే, నేను పని చేస్తున్నంతసేపూ అక్కడి తెర లాక్ అయి ఉంటుంది. ఆఫీసుకి వచ్చినవాళ్లెవరూ పార్టీల లెక్కలు చూడలేరు.

డిజిటల్ సంతకం టోకెన్లు, అదే రిటర్నుల మీద సంతకానికి కంప్యూటర్‌కి గుచ్చే చిన్న పుల్లలు, నా పర్సులోనే వస్తాయి. అవి ఆఫీసు మెషీన్‌కి గుచ్చి వచ్చేస్తే చాలనుకున్నా. దూరం నుంచి లోపలికి వెళ్తే అక్కడ గుచ్చినది కనపడదు, ఇక్కడ నా లాప్‌టాప్‌కి గుచ్చినదే అక్కడికి కనపడుతుంది. తలకిందులుగా ఉంది గానీ మనకి అదే మంచిది.

ఒక్క దానికి మాత్రం నా దగ్గర మందు లేదు. అక్టోబరులో మన ఊరికి తుఫాను వస్తే? 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ నాడు నువ్వు నా చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గర నుంచి జరగలేదు గుర్తుందా? తర్వాత కరెంటూ లేదు, ఫోన్లూ లేవు. అలాంటిది మళ్లీ వస్తే ఏ టెయిల్‌స్కేలూ పనిచెయ్యదు. అందుకే బయల్దేరే ముందు డేటా మొత్తం ఒక హార్డ్ డిస్కులోకి తీసి తెచ్చుకుంటున్నా, ఆ తర్వాత ప్రతి శనివారం బ్యాకప్ నా లాప్‌టాప్‌లోకి లాక్కుంటా. దానికి పాస్‌వర్డ్ పెట్టానులే.

అల్లుడు గారికి చెప్పు, ఉయ్యాల వేసే గదిలో చిన్న బల్ల ఒకటి, దాని పక్కన ప్లగ్గు ఒకటి చాలు. వైఫై ఆ గదిలోకి బాగా వస్తుందో లేదో మాత్రం ఇప్పుడే చూడమను. మాడుగుల హల్వా ఆయన కోసం తెస్తున్నా, నువ్వు ఇప్పుడే ఎక్కువ తినకు.

మొన్న ప్రింటర్ కూడా పరీక్షించా. ఇంటి నుంచి నొక్కితే ఆఫీసులో కాగితం రావాలి. ఏం ప్రింట్ తియ్యాలో తోచక, నీ కోసం కొనాల్సినవి టైపు చేసి పంపించా: వాము, శొంఠి, వెల్లుల్లి, పిప్పళ్లు, బాలింత కాయం సామాను. నిమిషంలో కుర్రాడు ఫోన్ చేశాడు. "మేడం, ఏదో పర్చేజ్ లిస్టు వచ్చింది, ఏ పార్టీది? ఏ ఫైల్లో పెట్టమంటారు?" అన్నాడు. నీ ఫైల్లో పెట్టమన్నాను. శొంఠి పూర్ణా మార్కెట్లోనే కొంటా, పుణేలో దొరుకుతుందని నాకు చెప్పకు.

మీ అమ్మ