మా నాట్ విమానం బోర్డులు సరిదిద్దిన పెద్దలకు కృతజ్ఞతలు

1971 నవంబర్ 22న తూర్పు పాకిస్తాన్ సరిహద్దులోని బోయ్రా మీద జరిగిన గగనపోరును హైస్కూలు పిల్లలకు తెలుగులో చెప్పే బోర్డుల రాత పూర్తయింది. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ నుంచి లేచిన మన చిన్న యుద్ధవిమానాలు నాలుగు నాట్‌లు, కూలిన రెండు పాకిస్తాన్ సేబర్ యుద్ధవిమానాలు, మన పైలట్లు మాసీ, గణపతి, లాజరస్‌లకు వచ్చిన వీరచక్రలు: ఇంతవరకు మేమే రాసుకోగలిగాం. ఆ రెండు మూడు నిమిషాలు కాక్‌పిట్‌లో ఏం జరుగుతుందో మాత్రం మీ చలవే.

మొదటి నమస్కారం ఆయుధాల విభాగంలో పనిచేసి రిటైరైన పెద్దాయనకు. మేం "తూటాల వర్షం" అని రాస్తే ఆయన ఆ మాట కొట్టేసి లెక్క వేసి చూపించారు. నాట్‌కు 30 మి.మీ. ఏడెన్ గన్నులు రెండు, ఒక్కోదానికి 115 రౌండ్లు. నిమిషానికి 1200 చొప్పున కాలిస్తే ఆరు సెకన్లలోపే ఖాళీ. అందుకే అరసెకను చొప్పున నొక్కుతారు. అలా పదకొండు సార్లు, అంతే. పైగా 5 జీల (భూమి ఆకర్షణకు ఐదింతల బలం) మలుపులో రౌండ్ల బెల్టు బరువు ఐదింతలవుతుంది. ఒక్క లింకు వంకరగా కూర్చున్నా గన్ను పట్టేస్తుంది, గాల్లో దాన్ని విప్పి సరిచేసే వీలుండదు. 1965లోనూ నాట్‌లను వేధించింది ఈ గన్నుల మొరాయింపే. కింద ఎండలో కూర్చుని బెల్టు పేర్చినవాళ్ల గురించి ఇప్పుడు ఒక బోర్డు నిండా రాశాం. అది మొదటి నుంచీ ఉండాల్సింది.

ఫిజిక్సు మాస్టారు మా బొమ్మలో గురినే మార్పించారు. మేం గీసిన గీత నేరుగా సేబర్ మీదికి పోయింది. 300 మీటర్ల దూరం దాటడానికి గుండుకు దాదాపు 0.3 సెకన్లు పడుతుంది. గంటకు 720 కి.మీ. వేగంతో అడ్డంగా పోయే విమానం ఈలోగా 60 మీటర్లు జరిగిపోతుంది, అంటే సేబర్ పొడవుకు అయిదింతలు. అందుకే అంత ముందుకు గురిపెట్టాలి. దీనికి "ముందు గురి" అనే చక్కటి మాట ఇచ్చిందీ ఆయనే. అదే వేగంలో 5 జీలతో తిరిగితే వలయం వ్యాసార్ధం 830 మీటర్లు, 900 కి.మీ. వేగంలో 1300. వేగం ఎక్కువైతే గెలుపే అనుకునే పిల్లలకు ఈ రెండు అంకెలూ చాలు.

డాక్టరమ్మ గారికి ప్రత్యేకంగా. 70 కిలోల మనిషి 5 జీలలో 350 కిలోలవుతాడు. రక్తం కాళ్లలోకి దిగిపోతుంటే మొదట చూపు అంచులు బూడిదరంగవుతాయి, తర్వాత అంతా నలుపు, ఆపైన స్పృహ పోతుంది. తొడలు, పొట్ట బిగించి, ఊపిరి పట్టి, మూడు సెకన్లకోసారి చటుక్కున వదిలి పీల్చాలి. ఆ స్థితిలోనే మెడ తిప్పి వెనక్కి చూడాలి. ఈ ఒక్క వాక్యం కోసం ఆవిడ మా రాతను నాలుగుసార్లు చదివారు.

పైలట్ గారు పంపిన రెండు దిద్దుబాట్లూ ఎక్కించాం. పోరుకు ముందు డ్రాప్ ట్యాంకులు (రెక్కల కింద తగిలించే అదనపు ఇంధన ట్యాంకులు) వదిలేస్తారు. ఒకటి ఊడి ఒకటి వేలాడితే విమానం ఆ పక్కకు లాగుతుంది. నాట్‌కు గాల్లో వేగం తగ్గించే ఎయిర్‌బ్రేకులు విడిగా లేవు, చక్రాలు కొంత దించితే వాటి తలుపులే ఆ పని చేస్తాయి. మా బొమ్మలో రెక్కల మీద గీసిన బ్రేకులు చెరిపేశాం సార్. కొత్త ప్రతి మీకు పంపుతాం, మీరు చూసి సరేనన్నాకే ఆ బోర్డు అచ్చుకు వెళ్తుంది.