చెస్ ఇంజిన్ల అమ్మకంలో చెప్పని సంగతి

సంపాదకులకు,

నేను చాలా ఏళ్లుగా కరస్పాండెన్స్ చెస్ ఆడుతున్నాను. ఒకప్పుడు ఎత్తును నాలుగంకెల సంఖ్యగా, అంటే రాజు ముందున్న బంటును రెండు గడులు జరిపితే 5254 అని, కార్డు మీద రాసి పోస్టు డబ్బాలో వేసి జవాబు కోసం వారాల తరబడి ఎదురుచూసేవాళ్లం. ఇప్పుడు అంతర్జాతీయ సమాఖ్య అయిన ఐసీసీఎఫ్ సర్వర్‌లోనే ఆట సాగుతోంది. ఎదురెదురుగా కూర్చుని ఆడే పోటీలో నిషేధమైన కంప్యూటర్ సాయం ఐసీసీఎఫ్ ఆటలో నియమబద్ధమే. అందుకే ఎత్తులను లెక్కగట్టి చెప్పే ప్రోగ్రాములైన ఇంజిన్ల వ్యాపారానికి మాకంటే నమ్మకమైన ఖాతాదారులు దొరకరు. ప్రత్యర్థి దగ్గరున్నది మన దగ్గర లేదేమోనన్న బెంగే మా చేత కొనిపిస్తుంది.

ఆ బెంగతోనే నేను ఒక పోటీ ప్రాంగణంలోని స్టాల్‌లో ‘కొత్త తరం ఇంజిన్’ అన్న పెన్‌డ్రైవ్‌ను నాలుగు వేల రూపాయలు పెట్టి కొన్నాను. ఇంటికి వచ్చి, దాన్నీ, ఉచితంగా దొరికే స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్‌నూ పక్కపక్కన తెరిచి, ఒకే స్థితిని ఒకే లోతు వరకు, అంటే ముందుకు అన్నే ఎత్తుల దాకా, ఒక్క థ్రెడ్ (కంప్యూటర్ లెక్కల వరుస) మీద లెక్క కట్టించాను. పరిశీలించిన స్థితుల సంఖ్య రెండింటిలోనూ చివరి అంకె దాకా ఒక్కటే వచ్చింది. అంటే లోపలున్నది అదే ఇంజిన్, మారింది పేరొక్కటే.

స్టాక్‌ఫిష్ 2008 నుంచి స్వచ్ఛందంగా పనిచేసేవారి చేతుల్లో పెరిగింది. దాని జీపీఎల్ లైసెన్సు, అంటే ప్రోగ్రామును ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అనే అనుమతిపత్రం, అమ్మకాన్ని అడ్డుకోదు. కానీ అమ్మేవారు లైసెన్సు ప్రతిని జతచేయాలి, మార్పులతో సహా సోర్స్ కోడ్‌ను (ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠాన్ని) కొన్నవారికి అందుబాటులో ఉంచాలి. నా పెన్‌డ్రైవ్‌లో ఆ రెండింటి జాడే లేదు. ఇది చిన్న వ్యాపారుల తీరు మాత్రమే అనుకోనక్కరలేదు. జర్మనీకి చెందిన చెస్‌బేస్ సంస్థ 2021 ఫిబ్రవరిలో 99.90 యూరోలకు విడుదల చేసిన ఫ్యాట్ ఫ్రిట్జ్ 2 అనే ఇంజిన్ స్టాక్‌ఫిష్ మీద ఆధారపడినదే. లైసెన్సు షరతులు ఉల్లంఘించారంటూ స్టాక్‌ఫిష్ బృందం ఆ ఏడాది జూలైలో చెస్‌బేస్‌కు లైసెన్సును రద్దుచేసి కోర్టుకెక్కింది. 2022 నవంబరులో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. స్టాక్‌ఫిష్ ఉన్న ఉత్పత్తులను ఏడాదిపాటు అమ్మకుండా ఉండటానికి, లైసెన్సుల పాటింపును చూసే అధికారిని నియమించుకోవడానికి చెస్‌బేస్ ఒప్పుకుంది.

నిజానికి ఇంజిన్ కోసం పెట్టే ఖర్చుతో మాకు ఒరిగేదీ తక్కువే. పై స్థాయిలో ఇరువైపులా అదే స్టాక్‌ఫిష్ రోజుల తరబడి లెక్కలు కడుతుంటే ఆట దాదాపు ఎప్పుడూ డ్రాగానే ముగుస్తుంది. ఏడు పావుల వరకు మిగిలిన స్థితులకు ఫలితం చెప్పే సిజిజీ టేబుల్‌బేస్‌లు (ముందే లెక్కగట్టి దాచిన పట్టికలు) 2018లో పూర్తయ్యాయి, అవీ ఉచితమే. మొత్తం దించుకోవాలంటే దాదాపు 18 టెరాబైట్ల చోటు కావాలి గనుక మా అసలు ఖర్చు హార్డ్‌డిస్కులకూ కరెంటు బిల్లుకూ పోతుంది. మా ఇంట్లో ఆ బిల్లు మీద జరిగే చర్చ వేరే సంగతి.

మేం పెద్దవాళ్లం, తెలిసే మోసపోతాం. ఆ స్టాళ్ల ముందు పిల్లల వేలు పట్టుకుని నిలబడే తల్లిదండ్రుల మాటేమిటి? లోపలున్న ఇంజిన్ ఏది, దాని లైసెన్సు ఏది, ఉచితంగా ఎక్కడ దొరుకుతుంది అన్న వివరాలను ప్యాకెట్ మీద తెలుగులో అచ్చువేయనివారికి స్టాల్ ఇవ్వబోమని రెండు రాష్ట్రాల చెస్ సంఘాలూ, పోటీల నిర్వాహకులూ నిబంధన పెట్టాలని కోరుతున్నాను. ఆటల డేటాబేస్‌కో, ఇంజిన్‌ను సులువుగా వాడుకునేలా చేసే ప్రోగ్రాము తెరకో, నేర్పే పాఠాలకో ధర కట్టి అమ్మితే నాకు అభ్యంతరం లేదు. అలాంటివి నేనూ డబ్బిచ్చే కొంటున్నాను.

ఇట్లు,
ఒక కరస్పాండెన్స్ చెస్ ఆటగాడు,
కాకినాడ