డ్రిల్లు సంగతి, మణికట్టు సంగతి

అమ్మలూ,

ఏ డ్రిల్లు కొనమంటావని అడిగావు. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. పని ఒత్తిడిలో ఉండి ఉంటావులే. చిన్నత్త మాత్రం ఏదో ఫోటోలో నీ కుడి మణికట్టుకి కట్టు చూశానంటోంది. ఆవిడ కళ్లజోడు మార్చి చాలా కాలమైంది కాబట్టి నేను పట్టించుకోలేదు. అడిగినదానికి జవాబు రాద్దామని కూర్చున్నానంతే.

ముందు వోల్టులు. పెట్టె మీద 18 అని ఉన్నా 20 అని ఉన్నా లోపలుండేది వరసగా కలిపిన అయిదు లిథియం సెల్లులే. ఒక్కో సెల్లు సగటున 3.6 వోల్టులు, మొత్తం 18. ఛార్జరులోంచి తీయగానే, ఇంకా పని పడకముందు, సెల్లుకి నాలుగు పైచిలుకు ఉంటుంది. దాన్ని పట్టుకుని కొందరు 20 అని అచ్చు వేస్తారు. 12 కథ కూడా ఇదే: మూడు సెల్లులు, అసలు లెక్క 10.8. రెండు వోల్టులు ఎక్కువని ఎవరైనా ఊదరగొడితే తలూపి ఊరుకో.

అలమార కీలు బిగించడం, అరలు తగిలించడం, ఊడిన పిడి సరిచేయడం లాంటి ఇంటి పనులకి 12 చాలు. బ్యాటరీతో కలిపి కిలో అటూ ఇటూ ఉంటుంది, అలమార లోపల మూలకి కూడా పడుతుంది. చక్, అంటే రంధ్రం వేసే బిట్టుని పట్టే మూతి, సాధారణంగా 10 మిల్లీమీటర్లది. కానీ నువ్వు దిగింది రోజంతా చేసే పనిలోకి. పెద్ద రంధ్రాలకి హోల్ సా, అంటే గిన్నెలా గుండ్రంగా ఉండి అంచున పళ్లుండే రంపం, పెట్టాలి, మందపాటి చెక్కలోకి పొడుగు స్క్రూలు దించాలి. దానికి 18 వోల్టులది, 13 మిల్లీమీటర్ల చక్‌ది ఉండాలి. మోటారు బ్రష్‌లెస్ తీసుకో. కార్బన్ బ్రష్‌లు అరిగే బాధ లేదు, అదే బ్యాటరీతో ఎక్కువసేపు నడుస్తుంది. నెలకోసారి తీసే ఇంటివాళ్లకి బ్రష్‌లదైనా నష్టం లేదు.

చాలామంది మోసపోయేది టార్క్ అంకె దగ్గర, అంటే మెలితిప్పే బలం అంకె దగ్గర. 60 న్యూటన్ మీటర్లు అని పెద్ద అక్షరాలతో వేస్తారు. అది గట్టి జాయింటు మీద, మోటారు ఆగిపోయే క్షణంలో వచ్చే అంకె. చెక్కలోకి స్క్రూ దిగేటప్పుడు దొరికేది ఇంచుమించు అందులో సగం. రెండు అంకెలూ వేసేవాళ్లు కొంత నయం. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. బిట్టు ఇరుక్కుంటే ఆ 60 అంతా నీ చేతి మీదికే తిరుగుతుంది. పిడికిలి బిట్టు ఇరుసుకి 15 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకో, 60ని 0.15తో భాగించు: 400 న్యూటన్లు. అంటే దాదాపు 40 కిలోల బరువు ఒక్కసారిగా మణికట్టుని మెలిపెట్టినట్టు. పక్క హ్యాండిలు బిగించి, ఇరుసుకి 20 సెంటీమీటర్ల అవతల రెండో చెయ్యి వేస్తే ఒక్కో చేతి మీద పడేది 17 కిలోలే. లెక్క కోసం చెప్పాను. చిన్నత్త మాటకీ దీనికీ సంబంధం లేదు.

ఇరుక్కునేది ఎక్కువగా రంధ్రం అవతలికి తేలే ఆఖరి క్షణంలోనే, రేకులోనైతే మరీను. హోల్ సా ఏమాత్రం ఒరిగినా అంతే, చెక్కలో ముడి తగిలినా అంతే. బిట్టు తేలబోతోందని చప్పుడు మారగానే నొక్కుడు తగ్గించు. హోల్ సా ఎప్పుడూ 1వ గేరులోనే తిప్పాలి, టార్క్ ఎక్కువ ఉండేది కూడా ఆ గేరులోనే. కాబట్టి అక్కడ హ్యాండిలు లేకుండా మొదలుపెట్టకు. బలం హద్దు దాటితే తిప్పడం వదిలేసే క్లచ్ కాపాడుతుందనుకుంటావేమో, చక్ వెనకాల అంకెలున్న రింగు డ్రిల్లు బొమ్మ మీద ఉంటే అది పనిచేయదు. స్క్రూలకి మాత్రం రింగుని చిన్న అంకెతో మొదలుపెట్టి, తల చెక్కతో సమానమయ్యేదాకా ఒక్కొక్కటే పెంచు. స్క్రూ తలలు అరిగిపోతున్నాయని ఏడ్చేవాళ్లలో సగం మంది ఆ రింగుని ముట్టుకోరు. బిట్టు మోటారుని గట్టిగా ఆపినప్పుడు దానంతటదే ఆగే సెన్సారు కొన్నిటిలో ఉంటుంది. ఉంటే మంచిదే, హ్యాండిలుకి బదులు మాత్రం కాదు.

హ్యామర్ ఉన్నది తీసుకోవాలా అంటావు. మీ శేషు బాబాయి పరదా కడ్డీ బిగించిన రోజు నువ్వు అక్కడే ఉన్నావు కదా, నిచ్చెన పట్టుకుని! కొత్త 18 వోల్టుల హ్యామర్ డ్రిల్లు, పైగా పెట్టె మీద కాంక్రీటు బొమ్మ. పక్క గోడలో రెండు రంధ్రాలు వెన్నలో దిగినట్టు దిగాయి, ఎందుకంటే అది ఇటుక. కిటికీ పైకి వచ్చేసరికి ఒక్క సెంటీమీటరు దిగి ఆగింది. అక్కడుండేది లింటెల్, కాంక్రీటు పోతపోసి లోపల ఇనుప చువ్వలు పెట్టింది. బాబాయి ఆగే మనిషా! ఒళ్లంతా వేసి నొక్కాడు. బిట్టు కొన ఎర్రబడి, కార్బైడ్ ముక్క ఊడింది. ఇంకో బిట్టు పెట్టాడు. అది నిలవక కుదుపుకి రంధ్రం వెడల్పయింది, ప్లగ్గు వేలితో తోస్తే లోపలికి పోయింది. మూడోది చువ్వకి తగిలి పట్టేసింది. డ్రిల్లు గిర్రున తిరిగి ఆయన బొటనవేలు కిటికీ చట్రానికి కొట్టుకుంది. అంతటితో అయిందా? వేడెక్కిన బ్యాటరీని అలాగే తీసుకెళ్లి ఛార్జరులో పెడితే ఎర్రలైటు మిణుకుమంటోందని ఛార్జరుని తిట్టాడు. ఆఖరికి పక్కింటాయన కాంక్రీటుకి వాడే రోటరీ హ్యామర్ తెచ్చి, చువ్వకి రెండు వేళ్ల ఎడంగా కొత్త రంధ్రం వేస్తే ఓ పావు నిమిషం పట్టింది.

మామూలు హ్యామర్ డ్రిల్లులో పళ్లున్న రెండు బిళ్లలు ఒకదాని మీదొకటి గిటగిటలాడతాయి, అంతే. దెబ్బలు నిమిషానికి వేలల్లో పడతాయి, ఒక్కోటీ చిన్నది. నువ్వెంత నొక్కితే అంత. రోటరీ హ్యామర్లో పిస్టన్ గాలిని నొక్కి లోపలి సుత్తిని విసురుతుంది, నీ బలంతో పని లేదు. నీకు ఇటుక గోడలే ఎక్కువైతే హ్యామర్ డ్రిల్లు చాలు. వారంలో ఒకటి రెండు సార్లు కాంక్రీటు తగిలినా చిన్న రోటరీ హ్యామర్ విడిగా కొనుక్కో. చెయ్యి ఇంకా నొప్పిగా ఉంటే, అంటే ఒకవేళ ఉంటే, పొడుగు స్క్రూలకి ఇంపాక్ట్ డ్రైవర్ మేలు. టార్క్ అంకె రెండింతలున్నా అది దెబ్బదెబ్బకీ తిప్పుతుంది కాబట్టి మణికట్టుని మెలిపెట్టదు. చెవులకి మాత్రం రక్షణ పెట్టుకో. చిన్న స్క్రూలకీ కీళ్లకీ అది వద్దు, దానికి క్లచ్ లేదు.

బ్యాటరీలు రెండు కొను: 2 ఆంపియర్ అవర్లది ఒకటి, 5ది ఒకటి. 18ని రెండుతో గుణిస్తే 36 వాట్ అవర్లు, అయిదుతో అయితే 90. పెద్దదానిలో సెల్లులు జంట వరసల్లో ఉంటాయి కాబట్టి భారం పడ్డప్పుడు వోల్టేజి అంతగా కుంగదు, హోల్ సాకి అదే పెట్టు. తల పైకెత్తి చేసే పనికి చిన్నది పెట్టు, పావు కిలో దాకా తేడా వస్తుంది. పూర్తిగా దింపి ఛార్జి చెయ్యమని తాతయ్య చెబితే వినకు. అది నికెల్ కాడ్మియం కాలపు సలహా. బ్లాక్ అండ్ డెకర్ 1961లో తెచ్చిన మొదటి కార్డ్‌లెస్ డ్రిల్లులో ఉన్నవి ఆ సెల్లులే. లిథియంని అడుగంటా దింపితే చస్తుంది. చాలా రోజులు వాడకపోతే సగం ఛార్జితో నీడలో పెట్టు. వేడిగా ఉన్నప్పుడు ఛార్జి చెయ్యకు, గడ్డకట్టే చలిలోనూ చెయ్యకు. రేపు రంపం, గ్రైండరు కొన్నా ఇవే బ్యాటరీలు పట్టాలి, కాబట్టి ఆ కంపెనీ మిగతా పనిముట్లన్నీ చూశాకే డ్రిల్లు ఖాయం చెయ్యి.

కొనేటప్పుడు సన్నని పొడుగు బిట్టు బిగించి మెల్లగా తిప్పించు. కొన వణికితే చక్ వంకర, ఇంకోటి తీయించు. ట్రిగ్గరు అతి నెమ్మదిగా నొక్కినా కుదుపు లేకుండా తిరగాలి. బ్యాటరీ ఒంటిచేత్తో ఊడాలి. ఎడమచేత్తో కూడా పట్టుకుని చూడు, దిశ మార్చే మీట ఆ బొటనవేలికీ అందాలి. ఎందుకని అడగకు.

కట్టు ఉన్నది నిజమైతే అది తీసేదాకా కొనడానికి వెళ్లినా సరే, నడపడానికి వెళ్లకు. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా, పిడికిలి పూర్తిగా ముడుచుకుంటోందా, ఈ రెండూ డాక్టరుకి చెప్పు. డ్రిల్లు దగ్గర వదులు తొడుగులు వేసుకోకు, బిట్టుకి చుట్టుకుంటాయి. జుట్టు గట్టిగా ముడివెయ్యి. అద్దాలు పెట్టుకో. అమ్మ రాత్రి ఫోన్ చేస్తుంది, వీడియో ఆన్ చేసి రెండు చేతులూ చూపించమని నేనే చెప్పాను.

నాన్న