మోకాళ్ళ ఆపరేషన్: రోబో సంగతి సరే, కాలు ఎన్ని డిగ్రీల్లో పెడతారు?

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మొన్న ఆదివారం రోబో మోకాళ్ళ ఆపరేషన్ మీద ఫుల్ పేజీ వేశారు, బానే ఉంది గానీ అసలు అడగాల్సింది అందులో లేదండి. రోబో అన్నది కోత తేడా రాకుండా పడేలా చూసే పనిముట్టు, ఏ కోణంలో కొయ్యాలన్నది డాక్టరు గారి నిర్ణయం. దాని గురించి ఎవరూ మాట్లాడరేంటి?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. అమ్మ 40 ఏళ్ళు ఊడ్పులకీ కలుపులకీ వెళ్ళిన మనిషి, వయసులో ఉన్నప్పట్నించీ ఆవిడవి దొడ్డికాళ్ళే, మా అమ్మమ్మవీ అంతే. రెండేళ్ళ కిందట దాళ్వా డబ్బులు చేతికొచ్చాక రెండు మోకాళ్ళూ చేయించాం. చిప్పలు మార్చడం అంటాం గానీ మార్చేది కీలండి, చిప్పని చాలామందికి అలాగే ఉంచేస్తారు. నొప్పి పోయింది, కాదనను. కాళ్ళు స్కేలు పెట్టి గీసినట్టొచ్చాయి, చుట్టాలంతా మెచ్చుకున్నారు, అమ్మ మాత్రం "నడుస్తున్నాను గానీ ఇయ్యి నా కాళ్ళు కావురా, అరువు తెచ్చుకున్నట్టుంది" అంటది.

ఎందుకలా అని నేను చదవటం మొదలెట్టాను. పాత పద్ధతి పేరు మెకానికల్ ఎలైన్‌మెంట్, తుంటి, మోకాలు, చీలమండ మూడూ ఒకే గీత మీదకి, అంటే 180 డిగ్రీలకి తెస్తారు, బరువు రెండు పక్కలా సమానంగా పడితే కొత్త కీల్లో ఉండే ప్లాస్టిక్ తొందరగా అరగదని లెక్క. కానీ మనుషుల కాళ్ళు అలా పుట్టవు కదండీ, మోకాలి కింద ఎముక పైభాగం మామూలుగానే లోపలికి ఓ 3 డిగ్రీలు వాలి ఉంటుంది, దాన్ని అడ్డంగా కోసేశాక ఒక పక్క లిగమెంట్లు, అంటే ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీలు, బిగుసుకుంటే వాటిని వదులు చెయ్యాల్సొస్తుంది. ఇంకోటి కైనమాటిక్ పద్ధతి, అందులో అయితే అరిగిపోయిన మందం లెక్కేసి, అరక్కముందు ఆ మనిషి కీలు ఎలా ఉండేదో అలాగే పెడతారు, దొడ్డికాలైతే కాస్త దొడ్డిగానే. వంకర ఓ హద్దు దాటకుండా చేస్తే అది రిస్ట్రిక్టెడ్ కైనమాటిక్.

2012లో బెల్జియం డాక్టర్లు ఏ మోకాళ్ళ జబ్బూ లేని కుర్రవయసు వాళ్ళని కొలిస్తే మగవాళ్ళలో 32 శాతం, ఆడవాళ్ళలో 17 శాతం మందికి సహజంగానే 3 డిగ్రీలో ఇంకా ఎక్కువో దొడ్డి ఉంది. మరి వీళ్ళందరినీ 180కి లాగితే అది బాగు చెయ్యటమా, కొత్త కాలు ఇవ్వటమా? 2010లో అమెరికా మేయో క్లినిక్ వాళ్ళు 398 మోకాళ్ళని 15 ఏళ్ళ లెక్కన చూస్తే, తిన్నగా పెట్టినవి ఎక్కువ కాలం ఉన్నాయని కూడా తేలలేదు.

అలాగని కైనమాటికే గొప్పని నేననటం లేదు, రెండిటినీ పోల్చిన చాలా ట్రయల్స్‌లో రెండేళ్ళకి పెద్ద తేడా కనపళ్ళేదు, పైగా మన వైపు జనం కాళ్ళు ధనుస్సులా వంగిపోయాకగానీ ఆస్పత్రికి వెళ్ళరు, అంత వంకరని ఏ డాక్టరూ అలాగే వదిలెయ్యడు. మా పిన్నికి కైనమాటిక్ చేశారు, హాయిగా తిరుగుతోంది, కానీ ఆవిడ కాళ్ళు ముందునించీ కాస్త తిన్ననివే, మనిషీ సన్నం, ఆ గొప్పతనం పద్ధతిదా ఆవిడ కాళ్ళదా అంటే ఏం చెప్తాం.

నేనడిగేది ఒకటే, తుంటి నించి చీలమండ దాకా ఒకే ఎక్స్‌రే ముందూ తర్వాతా తీసి, ఏ పద్ధతో ఎన్ని డిగ్రీలో కాయితం మీద రాసివ్వాలి. 2017లో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల (లోపల పెట్టే కృత్రిమ కీళ్ళ) ధరకి పరిమితి పెట్టింది, అందుకే అమ్మ ఫైల్లో ధర ఉంది, స్టిక్కరుంది, బ్యాచ్ నంబరూ ఉంది. కాలు ఎన్ని డిగ్రీల్లో పెట్టారో మాత్రం ఎక్కడా లేదండి.

ఇట్లు,
కోనసీమ నించి మీ పాఠకుడు