ఆకుల కిరీటం కథ ఇంకెన్నాళ్లు?

సంపాదకులకు,

పోయిన ఆదివారం కాదు, ఆ ముందు ఆదివారం మీ అనుబంధంలో ప్రాచీన ఒలింపిక్స్ మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఎవరో ఒకరు రాస్తారులే అని ఇన్నాళ్లూ ఆగాను. రోజూ ఉత్తరాల శీర్షిక చూస్తూనే ఉన్నాను. వీధికుక్కల మీద వచ్చాయి, కరెంటు కోతల మీద వచ్చాయి, దీని మీద మాత్రం రాలేదు. ఇక నేనే కూర్చున్నాను.

గ్రీకు క్రీడాకారులు ఆలివ్ ఆకుల కిరీటం తప్ప పైసా ఆశించలేదట, మోసమన్నదే ఎరుగరట, ఇప్పటి ఆటగాళ్లకేమో డబ్బు తప్ప వేరే ధ్యాస లేదట. ముప్పై రెండేళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన నేను ఈ మాట ఎన్ని క్రీడోత్సవాల్లో, ఎంతమంది ముఖ్య అతిథుల నోట విన్నానో లెక్కలేదు. ఇప్పుడు పేపర్లో కూడానా?

ఆ పోటీలు జరిగిన ఒలింపియాలో ఇచ్చింది ఆకులే, కాదనను. ఆ ఆకులతో ఊరికి తిరిగి వెళ్లాక ఏం దక్కేదో కూడా రాయాలి కదా. సోలోన్ అనే శాసనకర్త చేసిన చట్టం ప్రకారం ఏథెన్స్ తన ఒలింపిక్ విజేతకు 500 ద్రాక్మాలు, అంటే వెండి నాణేలు, ఇచ్చేదని ప్లూటార్క్ అనే గ్రీకు రచయిత రాశాడు. ఆ తర్వాతి కాలంలో బతికినన్నాళ్లూ ప్రభుత్వ ఖర్చుతో భోజనం. ఇక ఏథెన్స్ సొంతంగా జరిపే పానథీనియా క్రీడల్లో రథపందేనికి మొదటి బహుమతి 140 జాడీల ఆలివ్ నూనె అని క్రీ.పూ. 4వ శతాబ్దపు శాసనం ఉంది. జాడీకి దాదాపు 39 లీటర్లు పట్టేది. అంటే ఐదు వేల లీటర్ల పైమాటే. అంత నూనె ఇంట్లో పోపుకు వాడుకున్నారా, అమ్ముకున్నారా? అసలు అథ్లెట్ అన్న మాట పుట్టిందే బహుమతి అని అర్థమున్న గ్రీకు మాటలోంచి.

అలెగ్జాండ్రియా నుంచి వచ్చిన అపోలోనియస్ అనే బాక్సర్ సంగతి చూడండి. క్రీ.శ. 93లో ఒలింపియాకు ఆలస్యంగా వచ్చి, ఎదురుగాలికి ఓడ ఆగిపోయిందన్నాడు. తీరా చూస్తే అయ్యగారు అయోనియా అనే గ్రీకు ప్రాంతంలో డబ్బు బహుమతులిచ్చే పోటీలన్నీ తిరిగి వస్తున్నాడు! జరిమానా వేసి బయటికి పంపారు.

మోసం ఎరుగరన్నది ఇంకా పెద్ద మాట. ఒలింపియాలో స్టేడియంలోకి వెళ్లే దారి పక్కన జ్యూస్ దేవుడి కంచు విగ్రహాల వరస ఉండేది. అవి భక్తితో పెట్టినవి కావు, దొరికిపోయినవాళ్లు కట్టిన జరిమానాలతో పోతపోసినవి. క్రీ.పూ. 388లో థెస్సలీకి చెందిన యూపోలస్ అనే బాక్సర్ ముగ్గురు ప్రత్యర్థులకు లంచమిచ్చాడు. మొదటి ఆరు విగ్రహాలు ఆ పుణ్యమే. క్రీ.పూ. 332లో కాలిప్పస్ అనే ఏథెన్స్ ఆటగాడు దొరికితే, ఆ నగరం జరిమానా మాఫీ కోసం ఏకంగా హైపెరీడీస్ అంతటి వక్తను పంపింది. ఒలింపియావాళ్లు ఒప్పుకోలేదు, ఏథెన్స్ కట్టనని మొండికేసింది. చివరికి, డబ్బు కట్టేదాకా మీకు ప్రశ్న చెప్పను అని జోస్యానికి పేరుపడ్డ డెల్ఫీ గుడి దేవుడు అడ్డం తిరిగాకే కట్టారు. విగ్రహాలు ఇప్పుడు లేవు గానీ వాటి దిమ్మెలు ఇవాళ్టికీ ఉన్నాయి.

క్రీ.శ. 65లో జరగాల్సిన ఒలింపిక్స్‌ను నీరో చక్రవర్తి తన వీలు కోసం 67కు జరిపించాడు. పది గుర్రాల రథం తోలుతూ కింద పడ్డాడు, పందెం పూర్తి చేయలేకపోయాడు, అయినా గెలిచినట్టే ప్రకటించారు. ముఖ్య అతిథి కోసం పిల్లల్ని ఎండలో మూడు గంటలు నిలబెట్టే మనవాళ్లు కొంత నయం, రెండేళ్లు నిలబెట్టడం లేదు. మంచినీళ్ల విషయంలో మాత్రం తేడా తక్కువ. ఒలింపియాకు కాలువ కట్టి సరైన నీళ్లు తెప్పించింది క్రీ.శ. 2వ శతాబ్దంలో హెరోడీస్ అట్టికస్ అనే ధనవంతుడు. క్రీ.పూ. 776 నుంచి లెక్కేస్తే తొమ్మిది వందల ఏళ్లు జనం దాహంతో, ఈగలతో వేగారు. మా ఊరి మైదానంలో కుళాయికి ఇంకా గడువుందన్నమాట.

ఈ ఆకుల నీతి నిజానికి 19వ శతాబ్దపు ఇంగ్లండ్ దొరలది. తిండికి లోటు లేనివాళ్లు, కూలి చేసుకునేవాడు తమతో పోటీకి రాకుండా పెట్టుకున్న కట్టుబాటు. దాని పేరు చెప్పే, 1912 స్టాక్‌హోమ్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన అమెరికా ఆటగాడు జిమ్ థోర్ప్ పతకాలు మరుసటి ఏడాదే లాక్కున్నారు. చేసిన నేరం, కాస్త డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడటం. ఆయన 1953లో పోయాడు. ఆ రెండు పోటీల్లో ఏకైక విజేత ఆయనేనని మళ్లీ ఒప్పుకోవడానికి 2022 దాకా పట్టింది.

నాకు కోపం ఎందుకంటే, ఒక ఏడాది జిల్లా పోటీల్లో మా కుర్రాడొకడు 1500 మీటర్లు బూట్లు లేకుండా పరిగెత్తి రెండోవాడుగా వచ్చాడు. రాత్రి పడక స్కూలు వరండాలో, పొద్దున రెండు ఇడ్లీలు. బస్సు ఛార్జీ అడిగితే బిల్లు పెట్టండి అన్నారు. ఆ సాయంత్రం వేదిక మీద ఒక పెద్ద అధికారి అరగంట సేపు చెప్పింది ఈ ఆలివ్ ఆకుల కథే. కుర్రాడు నా పక్కనే కూర్చుని వింటున్నాడు. బిల్లు డబ్బు పదకొండు నెలలకు వచ్చింది, అదీ సగం.

ఇంకో మాట. వ్యాసం పక్కన డాలు, కత్తి పట్టిన గ్లాడియేటర్ బొమ్మ వేసి కింద ‘ఒలింపిక్ వీరుడు’ అని రాశారు. గ్లాడియేటర్లు రోమ్‌లో మొదట పోరాడింది క్రీ.పూ. 264లో, ఒక పెద్దమనిషి అంత్యక్రియల్లో. ఒలింపిక్స్‌తో వాళ్లకు ఏ సంబంధమూ లేదు. ఒకప్పుడు మీ పేపర్లో అక్షరం తప్పుపడితే మర్నాడే సవరణ కనిపించేది. ఈసారి వేసే ఉద్దేశం ఉంటే ఆ బొమ్మతో మొదలుపెట్టండి.

— ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, రేపల్లె