లేబర్ రూములో నోట రావాల్సిన మాట

చిట్టితల్లీ,

సోమవారం నుంచి నిన్ను లేబర్ రూములో వేశారని చెప్పేటప్పుడు నీ గొంతు వణికింది. అప్పుడేదో సర్దిచెప్పాను గానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. 26 ఏళ్ళు ఆ గదిలో నిలబడ్డదాన్ని కదా. మందులూ మోతాదులూ నీకు కాలేజీలో నేర్పే ఉంటారు. ప్రాణం మీదికొచ్చినప్పుడు నోట ఏ మాట రావాలో నాకైతే ఎవరూ నేర్పలేదు.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. తెల్లవారుజామున ఒకమ్మాయికి కాన్పయింది, మాయ కూడా పడింది. హమ్మయ్య అనుకుని దుప్పటి సర్దబోతే, బల్ల అంచు నుంచి రక్తం ధారగా నేల మీదికి కారుతోంది. పై ప్రాణాలు పైనే పోయాయి. "అయ్యో, కొంప మునిగింది! ఎవరైనా ఇంజక్షన్ తెండి!" అని అరిచాను. గదిలో ఇంకో ఇద్దరున్నారు. ఒక్కళ్ళూ కదల్లేదు. "ఎవరైనా" అంటే పక్కవాళ్ళనే అని ఎవరికి వాళ్ళు అనుకున్నారు. తలుపు దగ్గర ఆ పిల్ల తల్లి నా కేక విని అక్కడే కూలబడింది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైనే రక్తం వెళ్తుంది. కాన్పయ్యాక అది ముడుచుకుని గట్టిపడకపోతే ప్రాణం పోవడానికి ఎంతసేపు పడుతుందో నువ్వే లెక్కేసుకో.

అంతలో పెద్ద సిస్టర్ వచ్చారు. గొంతు పెంచలేదు. నన్ను పేరు పెట్టి పిలిచి, "పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి మర్దన చెయ్యి. నేను చెప్పేదాకా ఆపకు" అన్నారు. రెండో అమ్మాయినీ పేరు పెట్టే పిలిచి, "సెలైన్లో ఆక్సిటోసిన్ ఇరవై యూనిట్లు వేసి పట్రా" అన్నారు. గర్భసంచి ముడుచుకునేలా చేసే మందు కదా అది. మూడో అమ్మాయిని డాక్టరు గారి కోసం పంపారు. రెండో అమ్మాయి గుమ్మం దాటబోతుంటే ఆపి, "ఏం తెస్తున్నావో చెప్పు" అన్నారు. ఆ పిల్ల చెప్పాక, "రెండు, సున్నా. ఇరవై" అని మళ్ళీ విడమరిచారు. అది చాదస్తమనుకునేవు. మన అంకెలు చూడు: ఇరవై, అరవై. యాభై, ఎనభై. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటే ఒకటి ఇంకొకటిగా వినబడుతుంది. ఇంగ్లీషులో చెప్పినా ఫిఫ్టీన్, ఫిఫ్టీ గొడవ ఉండనే ఉంది.

కాన్పయిన ఆ అమ్మాయి బతికింది. గండం గట్టెక్కింది, చావు నోట్లోంచి బయటపడింది, ఇది పునర్జన్మే అని తెల్లారాక వరండాలో అందరం చెప్పుకున్నాం. అవి మంచి మాటలే, పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. గట్టెక్కాక చెప్పుకునే మాటలవి. గదిలో ఉన్నప్పుడు మాత్రం పేరు, పని, అంకె. డాక్టరు గారికి ఫోన్ చేసినా "బ్లీడింగ్ ఎక్కువగా ఉందండీ" అనకు. "పది నిమిషాల్లో రెండు ప్యాడ్లు తడిసిపోయాయి, నాడి నూట ఇరవై ఉంది, మీరు రావాలి" అను.

నొప్పులు పడే పిల్లకి "భయపడకు" అంటే భయం పోతుందా? "నా మొహం చూడు. ఇప్పుడు ముక్కకు, నోటితో గాలి వదులు" అంటే చేస్తుంది. బయట కూర్చున్న వాళ్ళ అమ్మకి "ఏం కాదు" అని చెప్పకు, అది మన చేతిలో లేదు. "రక్తం పోతోందమ్మా, డాక్టరు గారు దగ్గరే ఉన్నారు. పది నిమిషాల్లో నేనే వచ్చి చెబుతా" అను. చెప్పేందుకు కొత్తదేమీ లేకపోయినా పది నిమిషాలకి వెళ్ళు.

ఇదంతా నాకు అక్షరం పొల్లుపోకుండా ఎందుకు గుర్తో నీకు ఇప్పటిదాకా చెప్పలేదు. నువ్వు పుట్టగానే ఏడవలేదు. బిడ్డ మొదటి నిమిషంలోపే ఊపిరి అందుకోవాలని తెలిసినదాన్ని, బల్ల మీద పడుకుని గోడ గడియారంలో ముల్లు చూస్తున్నాను. నిన్ను పట్టుకున్న సిస్టర్ నాకు వీపు తిప్పి ఉంది. కానీ మాట ఆపలేదు. "తుడుస్తున్నానమ్మా. వీపు రుద్దుతున్నా. కాళ్ళు కదిపింది. ఇదిగో, ఊపిరి తీసుకుంటోంది." ఆ తర్వాత నీ ఏడుపు వినబడింది.

సోమవారం డ్యూటీ దిగగానే ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

అమ్మ